మెట్ట మీది రన్‌వే: శ్రీనగర్ ఎయిర్‌బేస్ కథ

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎంత తొందరగా ముగిద్దామన్నా గంట పట్టేలా ఉంది.

ఎయిర్‌బేస్ చరిత్ర, దాని పాత్ర గురించి మాట్లాడమని పిలిచారు. అన్ని ఎయిర్‌బేస్‌లకూ సరిపోయేలా మాట్లాడితే ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్కదాన్నే పట్టుకుంటాను: శ్రీనగర్. ఎయిర్‌ఫోర్స్‌లో నాది గ్రౌండ్ డ్యూటీ. విమానం నడిపినవాణ్ణి కాను. నడిపేవాళ్ల కోసం నేలను చూసుకున్నవాణ్ణి. అందుకే నా కథలో విమానాల కంటే రన్‌వే ఎక్కువసార్లు వస్తుంది, ఓపిక పట్టండి. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇప్పుడు అక్కడ ఏది ఎక్కడ పెట్టారు, ఏ రాడార్ ఎటు చూస్తోంది అని మాత్రం అడగొద్దు. పేపర్లో వచ్చినవీ, ప్రభుత్వం బయటపెట్టినవీ, చరిత్రకెక్కినవీ చెప్తాను. అంతవరకే.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. శ్రీనగర్‌లో దూరాలు మారలేదు. సరిహద్దు దగ్గరున్న ఉరి పట్టణం ఉన్నచోటే ఉంది, బారాముల్లా ఉన్నచోటే ఉంది, పీర్ పంజాల్ కొండలు ఎక్కడికీ పోలేదు. తగ్గుతూ వచ్చింది వ్యవధి. ముప్పు ముంచుకొస్తోందని తెలిసిన క్షణం నుంచి అది నెత్తిమీద పడేదాకా ఉండే టైమ్. 1947లో ఆ టైమ్ రోజుల్లో ఉండేది. 1971కి నిమిషాలైంది. 2019లో సెకన్లకి దిగింది. ఈ బేస్‌లో జరిగిన గొప్ప పనులూ, ఘోరమైన తప్పూ, అన్నిటినీ ఆ లెక్కలో పెట్టి చూస్తే ఎక్కువ అర్థమవుతాయని నా అభిప్రాయం.

ముందు నేల సంగతి. కాశ్మీర్ లోయ ఒకప్పుడు పెద్ద సరస్సు. ఆ సరస్సు అడుగున పేరుకున్న మట్టి తర్వాత ఎత్తైన చదును మెట్టలుగా మిగిలింది. అక్కడివాళ్లు వాటిని కరేవాలు అంటారు. పాంపోర్ దగ్గర కుంకుమపువ్వు పండేది కూడా అలాంటి మెట్టల మీదే. శ్రీనగర్ ఊరికి దక్షిణంగా, బడ్‌గామ్ జిల్లాలో ఉన్న మెట్ట పేరు దామోదర కరేవా. ఎయిర్‌ఫీల్డ్ దాని మీదే ఉంది.

ఈ దామోదరుడెవరు అంటే, పన్నెండో శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణిలో ఒక కథ చెప్పాడు. దామోదరుడనే రాజు ఈ మెట్ట మీద ఊరు కట్టించి, నీళ్లు తేవడానికి ఆనకట్ట వేయించాడట. ఓ రోజు స్నానానికి వెళ్తుంటే ఆకలితో ఉన్న బ్రాహ్మణులు అన్నం అడిగారు. స్నానం చేసొచ్చాక పెడతానన్నాడు. వాళ్లకి కోపమొచ్చి పామువైపొమ్మని శపించారు. అప్పట్నుంచీ ఆ రాజు పాము రూపంలో, దాహంతో, నీళ్ల కోసం ఆ మెట్టంతా పరుగులు తీస్తూ కనబడతాడని జనం చెప్పుకునేవారట. కథ సంగతి ఎలా ఉన్నా, అందులో ఉన్న సమాచారం మాత్రం పక్కా. ఆ మెట్ట మీద నీళ్లు నిలవవు. వ్యవసాయానికి అది శాపం. రన్‌వేకి అంతకంటే వరం లేదు. ఎత్తుగా ఉంది, చదునుగా ఉంది, వరద రాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, 2014 దగ్గర పనికొస్తుంది.

మహారాజా హరిసింగ్ కాలంలో అక్కడున్నది మట్టి చదును మాత్రమే. మహారాజు సొంత విమానాలు, అప్పుడప్పుడు వచ్చే చిన్న విమానాలు దిగేవి. కాంక్రీటు లేదు, రాత్రి దిగడానికి దీపాల్లేవు, వచ్చిన విమానానికి పోయడానికి పెట్రోలు నిల్వల్లేవు. విమానం దిగితే లేచే దుమ్ముకి వెనకొచ్చే విమానానికి నేల కనబడేది కాదు.

1947 అక్టోబర్ 22న ముజఫరాబాద్ వైపు నుంచి గిరిజన సాయుధ మూకలు లారీల్లో కాశ్మీర్‌లోకి దిగాయి. మహూరా జలవిద్యుత్ కేంద్రం వాళ్ల చేతిలో పడటంతో శ్రీనగర్‌లో కరెంటు పోయింది. 26న మహారాజు భారత్‌లో చేరుతూ సంతకం పెట్టారు. సైన్యాన్ని పంపాలి, ఎలా? లోయలోకి ఉన్న మంచి రోడ్డు రావల్పిండి నుంచి బారాముల్లా మీదుగా వచ్చేది, అంటే దాడి చేస్తున్నవాళ్ల వైపు నుంచి. మనవైపు నుంచి ఉన్నది జమ్మూ మీదుగా బనిహాల్ దాటి వెళ్లే కొండదారి. దాన్లో బెటాలియన్ కదిలి చేరేసరికి శ్రీనగర్ మిగలదు. మిగిలిన దారి గాలిలోనే ఉంది.

27 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి డకోటా రవాణా విమానాలు లేచాయి. వాయుసేన 12వ స్క్వాడ్రన్‌వి కొన్ని, పౌర విమాన సంస్థలవి కొన్ని. లోపల ఫస్ట్ సిఖ్ బెటాలియన్ జవాన్లు, విమానానికి పదిహేను, ఇరవై మంది. వాళ్ల కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ దీవాన్ రంజిత్ రాయ్. ఆయనకిచ్చిన ఆదేశంలో ఒక అంశం చూడండి. శ్రీనగర్ మీదికి వెళ్లాక వెంటనే దిగొద్దు. గాల్లో చక్కర్లు కొట్టి కిందికి చూడు. స్ట్రిప్ శత్రువు చేతికి పోయినట్టు అనిపిస్తే తిరిగి జమ్మూలో దిగు. అంటే ఢిల్లీలో బయల్దేరినప్పుడు, దిగబోయే నేల ఎవరిదో ఎవరికీ తెలియదు.

దిగారు. అప్పటికింకా స్ట్రిప్ మనదే. ఎందుకు మనదే అంటే, దాడికొచ్చినవాళ్లు బారాముల్లాలో లూటీలో పడి ఆగిపోయారు. శ్రీనగర్ అక్కడికి రోడ్డున యాభై కిలోమీటర్ల పైచిలుకు. లారీలో రెండు మూడు గంటలు. ఆ రెండు మూడు గంటల ప్రయాణం చెయ్యకుండా వాళ్లు పోగొట్టుకున్న రోజుల్లోనే కాశ్మీర్ యుద్ధం మలుపు తిరిగిందని నేను నమ్ముతాను. రంజిత్ రాయ్ స్ట్రిప్ దగ్గరే కూర్చోలేదు. బారాముల్లా దారిలో ఎదురెళ్లి అడ్డుకున్నారు, ఆ పోరులోనే ప్రాణాలు కోల్పోయారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అక్టోబర్ 27ని సైన్యం ఇప్పటికీ ఇన్‌ఫాంట్రీ డేగా జరుపుకుంటుంది. పదాతిదళం తన పండగని ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో దిగిన రోజున చేసుకోవడం నాలాంటివాళ్లకి కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఆ తర్వాత డకోటాలు ఆగలేదు. నవంబర్ 17 దాకా ఢిల్లీ నుంచి 704 సార్లు ఎగిరాయి. అంబాలా నుంచి టెంపెస్ట్ యుద్ధ విమానాలు వచ్చి దాడిమూకల మీద కాల్పులు జరిపి వెళ్లేవి. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల్ని శ్రీనగర్‌లోనే ఉంచారు. వాటికి తిరిగి వెళ్లడానికి సరిపడా పెట్రోలు పట్టదు, స్ట్రిప్‌లో చూస్తే చుక్క లేదు. డకోటాల ట్యాంకుల్లోంచి తోడి స్పిట్‌ఫైర్లలో పోశారు. ఇది విన్నప్పుడల్లా నాకు ఆ పని చేసిన మెకానిక్‌లు గుర్తొస్తారు. పేర్లు ఎక్కడా లేవు. డకోటాలో ఎంత వదిలితే అది ఢిల్లీ చేరుతుందో లెక్కకట్టి, మిగిలింది తోడాలి. లెక్క తప్పితే పీర్ పంజాల్ మీద ఇంజిన్లు ఆగిపోతాయి.

నవంబర్ 3. ఎయిర్‌ఫీల్డ్‌కి కూతవేటు దూరంలో ఉన్న బడ్‌గామ్ గ్రామం. మేజర్ సోమనాథ్ శర్మ, నాలుగో కుమావూన్ బెటాలియన్, తన కంపెనీతో గస్తీలో ఉన్నారు. హాకీ ఆటలో విరిగిన ఎడమచేతికి ఇంకా ప్లాస్టర్ కట్టే ఉంది. వద్దన్నా వినకుండా వచ్చారు. వందలమంది మూడు వైపుల నుంచి మీదపడ్డారు. వాళ్ల గురి ఊరి మీద కాదు, వెనకున్న రన్‌వే మీద. అది పోతే ఆ మర్నాటి డకోటా దిగదు, దిగకపోతే మిగతా సైన్యం లోయలో చిక్కుకుపోతుంది. శర్మ ఒంటిచేత్తో మ్యాగజీన్లలో తూటాలు నింపి మనుషులకి అందిస్తూ గంటల తరబడి నిలబెట్టారు. శత్రువు యాభై గజాల్లో ఉన్నాడనీ, అంగుళం కూడా వెనక్కి తగ్గననీ, చివరి మనిషి, చివరి తూటా దాకా పోరాడతాననీ బ్రిగేడ్‌కి వైర్‌లెస్‌లో చెప్పారు. కాసేపటికే మోర్టార్ గుండు ఆయన పక్కనున్న మందుగుండు మీద పడింది. మన మొదటి పరమవీర చక్ర అది. అది ఒక రన్‌వేని కాపాడినందుకు వచ్చిందని పాఠ్యపుస్తకాల్లో ఎవరూ పెద్దగా రాయరు.

ఆ కొద్ది గంటల్లో మరికొంత సైన్యం దిగింది. 7న షాలటెంగ్ దగ్గర దాడిమూకలు చెదిరిపోయాయి, మర్నాడు బారాముల్లా మనకొచ్చింది.

ఆ స్ట్రిప్ నుంచే ఇంకో దారి తెరుచుకుంది. లేహ్. లేహ్‌కి వెళ్లే దారి శత్రువు చేతిలో ఉంది, నేలమీద సాయం వెళ్లలేదు. లడఖ్ ఇంజనీరు సోనమ్ నోర్బు ఊళ్లోవాళ్లతో కలిసి పదివేల అడుగులకు పైన ఎత్తులో ఓ చదును తయారుచేశారు. 1948 మే 24న ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, డకోటాని అక్కడ దించారు. ఆ ఎత్తుల్లో తిరగడానికి తయారైన విమానం కాదది. అంతకుముందు ఆ దారిలో ఎవరూ వెళ్లలేదు, మ్యాపులు నమ్మదగ్గవి కావు. ఇవాళ లేహ్‌కి వెళ్లే టూరిస్టు విమానంలో టీ తాగుతూ కిటికీలోంచి ఆ కొండల్నే చూస్తాడు.

తర్వాతి ఇరవై ఏళ్లు తొందరగా దాటేస్తాను. 1965లో ఆపరేషన్ జిబ్రాల్టర్ పేరుతో లోయలోకి చొరబడ్డవాళ్లకిచ్చిన లక్ష్యాల్లో ఈ ఎయిర్‌ఫీల్డ్ ఉంది. పట్టుకోలేకపోయారు. ఆ యుద్ధంలో మనకి అసలు గుణపాఠం శ్రీనగర్‌లో దొరకలేదు, పఠాన్‌కోట్‌లో దొరికింది. సెప్టెంబర్ 6 సాయంత్రం పాకిస్తాన్ సేబర్ జెట్ విమానాలు వచ్చి, నేలమీద వరసగా నిలబెట్టిన మన విమానాల్ని అక్కడికక్కడే తగలబెట్టాయి. రెండేళ్ల తర్వాత 1967 జూన్ 5న ఇజ్రాయెల్ ఈజిప్టుకి సరిగ్గా అదే చేసింది, కాకపోతే ఎంతో పెద్ద ఎత్తున. కొన్ని గంటల్లో ఓ వాయుసేన మొత్తం నేలమీదే అయిపోయింది. ఆ తర్వాత మన బేస్‌లలో బ్లాస్ట్ పెన్‌లు కట్టడం జోరందుకుంది. బ్లాస్ట్ పెన్ అంటే మూడు వైపులా మందపాటి గోడలు, వాటి మీద మట్టి, పైన కప్పు. ఒక్కో విమానానికి ఒక్కో గూడు. ఒకటి తగలబడ్డా పక్కది బతుకుతుంది. చూడటానికి అందంగా ఉండదు. ఎయిర్‌బేస్‌లో అందంగా ఉండేవి ఎక్కువకాలం ఉండవు.

సరే, 1971. ఇక్కడ కాసేపు ఆగుదాం.

1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం వల్ల శ్రీనగర్‌లో గగనతల రక్షణ విమానాల్ని ఉంచలేదు, యుద్ధం మొదలయ్యాకే తెచ్చారు. ఇది ఆ యుద్ధంలో ఇక్కడే ప్రాణమిచ్చిన సెఖోన్ అనే పైలట్ పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో రాసిన మాట. అలా వచ్చినవి 18వ స్క్వాడ్రన్ నాట్ యుద్ధ విమానాలు. నాట్ ఎంత చిన్నదంటే, పక్కన నిలబడితే మామూలు ఎత్తున్న మనిషికి కాక్‌పిట్ అంచు కంటికి దగ్గర్లోనే ఉంటుంది. రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు. చురుకైనది, అలాగే పేచీల మారిది. ఆ పత్రంలోనే ఇంకో వాక్యం ఉంది. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్‌కి ఆ ప్రాంతం కొత్త, శ్రీనగర్ ఎత్తుకి, కాశ్మీర్ చలికాలపు ఎముకలు కొరికే గాలికి శరీరం ఇంకా అలవాటు పడలేదు. వీరుల గురించి రాసేటప్పుడు చలి గురించి రాయడం అరుదు. రాసినవాడెవరో గానీ, ఆ బేస్‌లో చలికాలం గడిపినవాడై ఉంటాడు.

ఆ చలి గురించి నేనూ రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మీకు ఆ పొద్దుటి సంగతి కళ్లకి కట్టదు. బేస్ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 5,400 అడుగులు. అక్కడ గాలి సాంద్రత కింద కంటే పదిహేను శాతం దాకా తక్కువ. ఇంజిన్‌కి ఊపిరి తక్కువ, రెక్కకి పట్టు తక్కువ, కాబట్టి లేవడానికి పరుగు ఎక్కువ కావాలి. చలికాలంలో చల్లగాలి కాస్త చిక్కగా ఉండి ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది. అంటే విమానానికి చలి మంచిది, మనిషికే కాదు. తెల్లవారుజామున గ్లవ్స్ తీసి స్పానర్ పట్టుకుంటే చర్మం ఇనుముకి అతుక్కుంటుంది. గ్లవ్స్ వేసుకుంటే చిన్న నట్టు చేతికి దొరకదు. ప్రతి మెకానిక్‌కీ ఎడమచేతికి గ్లవ్, కుడిచేతికి సగం గ్లవ్, మూడు వేళ్లు బయటికి. రెక్కల మీద రాత్రి పట్టిన మంచుపొరని పూర్తిగా తీసేదాకా విమానాన్ని వదలం. పల్చటి పొరైనా సరే, రెక్క ఆకారం మారితే అది ఎగరదు. ఇక లోయ చూస్తే గిన్నె లాంటిది, పొగమంచు అడుగున పేరుకుని పొద్దెక్కేదాకా కదలదు.

అలాంటి పొద్దున, డిసెంబర్ 14న, పెషావర్ నుంచి ఆరు సేబర్లు వచ్చాయి. కొండల చాటున తక్కువ ఎత్తులో వస్తే రాడార్‌కి చివరి నిమిషం దాకా కనబడవు. కొండల మీద కూర్చున్న అబ్జర్వేషన్ పోస్టుల జవాన్లు చెప్పేదే ఆధారం. రన్‌వే చివర, రెడీనెస్‌లో రెండు నాట్‌లు. ముందు విమానంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ ఘుమ్మన్, వెనక సెఖోన్. రెడీనెస్ డ్యూటీ అంటే పైలట్ పట్టీలు బిగించుకుని కాక్‌పిట్‌లోనో, పక్కనే గుడారంలోనో కూర్చుని ఉంటాడు. స్క్రాంబుల్ అనగానే నిమిషాల్లో గాల్లో ఉండాలి. ముందు విమానం లేపిన దుమ్ము కాస్త తగ్గాకే వెనకది పరుగు మొదలుపెట్టాలి. అదే దామోదరుడి దాహం మట్టి. సెఖోన్ పరుగు మొదలుపెట్టేసరికి సేబర్లు నెత్తిమీదికి వచ్చేశాయి, బాంబులు రన్‌వే మీద పడుతున్నాయి.

ఆగిపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. అప్పుడే గాల్లోకి లేస్తున్న విమానమంత తేలికైన గురి ఇంకోటి ఉండదు. వేగం లేదు, ఎత్తు లేదు, పక్కకి తిప్పుకునే వీల్లేదు. సెఖోన్ లేచాడు. ఘుమ్మన్ విమానం అప్పటికే ఆ మసకలో కనబడకుండా పోయింది. ఆరింటి మీద ఒక్కడు. లేస్తూనే ఓ సేబర్ జంట వెనక పడ్డాడు. చెట్ల ఎత్తులో జరిగిన ఆ పోరులో రెండు సేబర్లని కొట్టాడని ప్రశంసాపత్రం చెబుతుంది. మిగతావి చుట్టుముట్టాయి. నాట్ బేస్‌కి కొద్ది మైళ్ల దూరంలో, ఊరి నుంచి బేస్‌కి వచ్చే దారి పక్కన లోయలో కూలింది. సెఖోన్ శరీరం దొరకలేదు. మన వాయుసేనకి ఇప్పటిదాకా వచ్చిన ఒకే ఒక్క పరమవీర చక్ర అది.

ఆ పొద్దున నేలమీద ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. బాంబు గుంట పడ్డాక రన్‌వే మీదికి ముందు వెళ్లేది పేలని బాంబుల్ని చూసేవాళ్లు. తర్వాత గుంట అంచుల్లో పైకి లేచిన పలకల్ని కొట్టేస్తారు, రాళ్లు నింపుతారు, దిమ్మిస కొడతారు, పైన తొందరగా గట్టిపడే పూత వేస్తారు. తర్వాత మనుషులు వరసగా నిలబడి రన్‌వే అంతా నడుస్తూ రాయీ రప్పా ఏరుతారు. గోరంత రాయి ఇంజిన్‌లోకి పోతే చాలు, బ్లేడ్లు విరుగుతాయి. యుద్ధం లేని రోజుల్లో కూడా ఆ ఏరివేత రోజూ ఉంటుంది. నేను జీవితంలో చేసిన పనుల్లో అంత విసుగు పుట్టించేదీ, అంత తప్పనిసరిదీ ఇంకోటి లేదు.

1999లో కార్గిల్. మే 26న ఆపరేషన్ సఫేద్ సాగర్, అంటే ఆ యుద్ధంలో వాయుసేన దాడులు, మొదలైంది. శ్రీనగర్ నుంచి 17వ స్క్వాడ్రన్ మిగ్-21లు ఎగిరాయి, దాని కమాండర్ వింగ్ కమాండర్ ధనోవా తర్వాత వాయుసేనాధిపతి అయ్యారు. మర్నాడే ఆ స్క్వాడ్రన్‌కి చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహుజా, కూలిన సహచరుడు నచికేత కోసం ఆకాశంలోనే ఉండిపోయి వెతుకుతుంటే భుజం మీంచి పేల్చే క్షిపణి తగిలింది. తిరిగి రాలేదు. దీని గురించి మీకు చాలావరకు తెలుసు కాబట్టి ముందుకెళ్తాను.

2014 సెప్టెంబర్. యుద్ధం కాదు, జీలం నది వరద. శ్రీనగర్ ఊరు మునిగింది. బాదామీబాగ్ కంటోన్మెంట్‌లో సైన్యమే నీళ్లలో ఉంది. ఫోన్లు లేవు. కరేవా మీది రన్‌వే మాత్రం పొడిగా ఉంది. సీ-17, ఐఎల్-76, ఏఎన్-32 రవాణా విమానాలు పడవలు, మందులు, తాగునీళ్లు దించి, వెనక్కి జనాన్ని ఎక్కించుకుని పోయాయి. హెలికాప్టర్లు మేడల మీంచి మనుషుల్ని లాగి ఇక్కడికి తెచ్చేవి. నీళ్లు నిలవని నేలలో విమానాల్లో నీళ్లు తెచ్చి దించారు. కల్హణుడు చూసుంటే ఇంకో శ్లోకం రాసేవాడు.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన భాగం. 2019 ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వాయుసేన దాడి. మర్నాడు పొద్దున పాకిస్తాన్ విమానాలు నియంత్రణ రేఖ వైపు వచ్చాయి. శ్రీనగర్‌లో ఉండే 51వ స్క్వాడ్రన్ మిగ్-21 బైసన్లు స్క్రాంబుల్ అయ్యాయి. వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ కథ మీ అందరికీ తెలుసు. అవతల దిగడం, మార్చి 1న తిరిగి రావడం, వీర చక్ర. ఆ కథ వెలుగులో ఇంకోటి మరుగున పడింది. అదే పొద్దున, అదే బేస్ రక్షణ క్షిపణి, మన సొంత ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది. పడింది బడ్‌గామ్‌లోనే. ఆరుగురు వాయుసేన మనుషులు, నేలమీదున్న ఓ పౌరుడు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబర్‌లో వాయుసేనాధిపతి భదౌరియా అది మన క్షిపణే అనీ, పెద్ద తప్పు జరిగిందనీ బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఎలా జరుగుతుంది అలా? ఆకాశం నిండా శత్రు విమానాల హెచ్చరికలు, తెరమీద ఒక చుక్క తక్కువ ఎత్తులో నెమ్మదిగా బేస్ వైపు వస్తోంది. అది మనదా, వాళ్లదా? ప్రతి విమానంలోనూ నేను మీవాణ్ణే అని రేడియో సంకేతంతో చెప్పే పరికరం ఒకటి ఉంటుంది, ఐఎఫ్‌ఎఫ్ అంటారు. అది పలకాలి. పలకకపోతే టవర్‌కి తెలిసింది క్షిపణి దగ్గర కూర్చున్నవాడికి తెలియాలి. ఈ గొలుసులో ఎక్కడ తెగినా, నిర్ణయం సెకన్లలో తీసుకోవాల్సొస్తే, మనిషి తప్పు చేస్తాడు. ఇందులో నేను ఎవర్నీ వెనకేసుకు రావడంలేదు, శిక్షల విషయం కోర్టులు చూసుకుంటాయి. నా మాటల్లా సరిహద్దుకి ఇంత దగ్గరున్న బేస్‌లో ధైర్యం ఎంత అవసరమో, పలానాది మనదే అని రూఢి చేసుకునే ఏర్పాటు అంతే అవసరం అని. మెడల్స్ మొదటిదానికే వస్తాయి.

51వ స్క్వాడ్రన్‌ని 2022 సెప్టెంబర్‌లో విరమింపజేశారు. మరుసటి ఏడాది 223వ స్క్వాడ్రన్ మిగ్-29లు శ్రీనగర్‌కి వచ్చాయని పేపర్లలో చదివే ఉంటారు. రెండు ఇంజిన్లు, ఎక్కువ దూరం చూసే రాడార్. ఆ ఎత్తులో, ఆ కొండల మధ్య, రెండో ఇంజిన్ అంటే పైలట్ ఇంట్లోవాళ్లకి కాస్త నిద్ర.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో శ్రీనగర్‌తో కలిపి 32 విమానాశ్రయాల్లో పౌర విమానాలు ఆపేశారు, 12న తెరిచారు. ఒక్క రాత్రిలో 36 చోట్ల మూడు, నాలుగు వందల డ్రోన్లు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. ఇక్కడ నా సెకన్ల లెక్కకి కొంచెం ఇబ్బంది వచ్చిపడింది. డ్రోన్ వేగంగా రాదు, జెట్‌తో పోలిస్తే నడిచొచ్చినట్టే. కానీ చిన్నది, చవకది, గుంపుగా వస్తుంది. టైమ్ ఉంటుంది గానీ, వాటిలో దేన్ని కొట్టాలో, ఖరీదైన క్షిపణిని దేనికి దాచుకోవాలో తేల్చుకోవడానికే ఆ టైమంతా పోతుంది.

విమానంలో శ్రీనగర్ వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీరు దిగింది ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద. పక్కనున్న పౌర టెర్మినల్ అందులో ఒక ఎన్‌క్లేవ్, అంటే పౌరులకి విడిగా ఇచ్చిన ముక్క, అంతే. మీ విమానానికి దిగమని చెప్పింది కూడా ఎయిర్‌ఫోర్స్ కంట్రోలరే. ఫొటోలు తీయొద్దని ఎయిర్‌హోస్టెస్ చెప్పినప్పుడు ఎవరూ వినరని నాకు తెలుసు. ఇన్నేళ్ల ఉపగ్రహాల కాలంలో మీ ఫోన్ ఫొటోతో ఏమవుతుంది అంటారు. ఉపగ్రహం పైకప్పు చూస్తుంది. మీ ఫోన్ బ్లాస్ట్ పెన్ మూతి లోపలికి చూస్తుంది, తారీఖూ టైమూ సహా.

చీటీ ఒకటి పంపారు. చదువుతాను. "సరిహద్దుకి అంత దగ్గరున్న బేస్‌ని వెనక్కి జరిపెయ్యొచ్చు కదా?" మంచి ప్రశ్న. ఎక్కడికి జరపాలి? లోయలో ఇంకోచోటంటే అవంతిపూర్‌లో ఇప్పటికే బేస్ ఉంది, అదీ దగ్గరే. లోయ బయటికంటే పీర్ పంజాల్ దాటి రావాలి. వాతావరణం బాగోలేని రోజున ఆ కొండలు దారివ్వవు. దారిచ్చినా, ఆ కొద్ది నిమిషాలే మనకి లేనివి. ఇక చలికాలంలో కొండచరియలు పడి జాతీయ రహదారి మూసేస్తే సెలవు మీద వెళ్లే జవాన్లు ఏఎన్-32 కొరియర్‌లో సీటు కోసం రోజుల తరబడి పడిగాపులు పడేవారు. 2025 జూన్‌లో చీనాబ్ వంతెన మీదుగా శ్రీనగర్‌కి రైలు మొదలైంది కాబట్టి ఆ బాధ కొంత తగ్గొచ్చు. స్క్రాంబుల్‌కి మాత్రం రైలు పనికిరాదు.

రెండో చీటీ ఉందా? ఇటివ్వండి.